గండికోటకు ముగ్గురాయి మోసుకుపోయే ముందు

మంగంపేట
ఆదివారం పొద్దున

అమ్మణ్ణీ,

నీ ఉత్తరమూ, దాంట్లో మడిచి పెట్టిన నాలుగు బొమ్మల కాగితాలూ బుధవారం అందినాయి. మీ అమ్మ ఆ కాగితాలను అటు తిప్పి ఇటు తిప్పి, "ఇవి నీకే తెలుస్తాయక్కా" అని నా చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది. మూడు రోజులుగా చూస్తానే ఉన్నాను. రాత్రి అందరూ పడుకున్నాక కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూసినాను. సంతోషమూ అయింది, గుండె గుభేలుమని కూడా అనింది. ఆ రెండూ చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. కాగితం మీద అయితే చివరిదాకా చదువుతావు.

ముందు ఇంటి సంగతులు. అందరమూ బాగున్నాం. మీ నాయనకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, పొద్దున్నే రైలుగేటు దాకా నడిచి వస్తున్నాడు. పెరట్లో మామిడి ఈ ఏడు విరగబూసింది. గనిలో తూటా పేలినప్పుడల్లా పూత రాలిపోతుందేమోనని మీ అమ్మ దిగులు. ఎండ అప్పుడే చుర్రుమంటా ఉంది. లారీలు పోయినాక తులసికోట మీద తెల్లటి పొర, నేను నీళ్లు పోసి కడగడం, మాపటికి మళ్లీ పొర. చిన్నప్పుడు ఆ పొర మీద వేలితో నీ పేరు రాసుకునేదానివి. ణ కింద ణ ఒత్తు రాక ఏడ్చేదానివి. నేను నీ వేలు పట్టుకుని దిద్దించేదాన్ని. ఇప్పుడు బరోడాలో శిల్పం చదువుతా ఉన్నావు, నాకే కొత్త మాటలు నేర్పిస్తున్నావు. అయినా వేలు పట్టుకునే అలవాటు నాకు పోలేదు.

ఇక నీ కాగితాల సంగతి. గండికోటలో ధాన్యాగారం లోపల మన ఊరి ముగ్గురాయి రెండు టన్నులు తెచ్చి గింజల రాశి మాదిరి పోస్తానన్నావు. నేలంతా ఆ పొడి పరుస్తానన్నావు, వచ్చినవాళ్లు దానిమీద నడిస్తే అడుగుల జాడలు మిగలాలని. గోడలకు ఇనుప కొక్కేలు దిగగొట్టి వాటికి ఖాళీ గోతాలు వేలాడదీస్తానన్నావు. కరువుకు గింజ దాచుకున్న చోట, మన నేల కడుపులోంచి తీసి ఓడలకెక్కించే రాయిని రాశి పోయడం. నాలుగో కాగితం అడుగున చిన్న అక్షరాలతో "ఇది మా తిండి" అని రాసుకున్నావు. అది చదివి నేను కాసేపు అట్లనే కూర్చుండిపోయినాను. మీ తాత ఈ గనిలో గంప మోసినాడు. మీ నాయన పొడి మిల్లులో ఇరవై ఏళ్లు పనిచేసి మిమ్మల్ని చదివించినాడు. గింజా రాయీ మన ఇంట్లో ఎప్పుడూ ఒకటే. ఈ ఆలోచన నీకు తప్ప ఇంకొకరికి రాదు. ఊరికే పొగడను నేను, నీకు తెలుసు.

కానీ ఆ కొక్కేలేంది తల్లీ? పెమ్మసాని నాయకుల కోట గోడలో నువ్వు డ్రిల్లింగ్ మిషన్ పెడతావా? నా దగ్గర బొమ్మలు నేర్చుకున్న పిల్లవేనా నువ్వు? చదవగానే కాగితం కింద పెట్టేసినాను. మళ్లీ తీసుకున్నాననుకో. తప్పంతా నీది కాదు. పెద్ద నగరాల గ్యాలరీల్లో తెల్లగోడకు మేకు కొట్టడం, తర్వాత పుట్టీ పెట్టి రంగు పూయడం మామూలే. గండికోట గోడకు పుట్టీ లేదు.

నీకు తెలుసో లేదో, గండికోట ఏ రాయి మీద కూర్చుందో ఆ రాయికి భూగర్భశాస్త్రం వాళ్లు పెట్టిన పేరే గండికోట క్వార్ట్‌జైట్. మన ముగ్గురాయి ఉండేది పుల్లంపేట పొరల్లో. రెండూ కడప పేరుతో పిలిచే ఒకే శిలాసముదాయంలోవి. నూరుకోట్ల ఏళ్లు దాటిన రాళ్లు. అంటే నువ్వు మన రాయిని పరాయి తావుకు తీసుకుపోవడం లేదు, దాయాదుల ఇంటికి తీసుకుపోతున్నావు. దాయాదుల ఇంటికి పోయేటప్పుడే కదా మనం ఇంకాస్త ఒద్దికగా ఉండేది.

ముగ్గురాయి ఎంత బరువో మిల్లు పక్కన పుట్టి పెరిగిన నీకు నేను చెప్పాలా? నీళ్లకు నాలుగు రెట్ల పైచిలుకు తూగుతుంది. గ్రానైటు రాయికంటే కూడా ఒకటిన్నర రెట్లు మించి బరువు. చమురు బావులు తవ్వేటప్పుడు అడుగునుంచి తన్నుకొచ్చే నూనెను, గ్యాసును అణచిపెట్టడానికి బురదలో ఈ పొడి కలిపేది ఆ బరువు కోసమే. అంత బరువు ఒకే తావున కుప్ప పోస్తే పాత నేల ఏమవుతుంది? దాని కింద ఏముందో ఎవరు చూసినారు?

రెండో గుణం ఇంతకంటే ముఖ్యం. ముగ్గురాయి కరగదు. నీళ్లలో కరగదు, మనిషి కడుపులో ఆమ్లానికి కూడా కరగదు. ఆసుపత్రిలో పేగుల ఎక్స్‌రే తీసేముందు తాగించే తెల్లటి మందు ఉంటుందే, అదీ మన ముగ్గురాయి మాదిరే బేరియం సల్ఫేటే. కరగదు కాబట్టే తాగించగలుగుతున్నారు. మన వాకిట్లో అయితే పేడనీళ్లు చల్లి చీపురుతో ఊడిస్తే పోతుంది. ఉలి గీతల్లో, గచ్చు పగుళ్లలో దూరిన మెత్తటి పొడి ఏ వానకూ కరగదు, ఏ చీపురుకూ అందదు. నువ్వు నాలుగు రోజులని పరిచింది నలభై ఏళ్లు ఉండిపోతుంది. వందమంది నడిచి లేపిన దుమ్ము నువ్వు గీసిన గీత దగ్గరే ఆగదు కదా, పక్కన జుమ్మా మసీదు గోడల మీదా వాలుతుంది. తులసికోట రోజుకు రెండుసార్లు కడిగే ఇంట్లో పుట్టినదానివి, నీకు ఇది తోచకపోవడమేంది? ఏమీ అనుకోవద్దు. నీ వయసులో నాకు ఇంత కూడా తోచలేదు. అందుకే ఇప్పుడు ఒక సంగతి చెప్తున్నాను. మీ అమ్మకు కూడా తెలియదు.

నాకప్పుడు ఇరవైనాలుగేళ్లు. డ్రాయింగ్ టీచరుగా కొత్త ఉద్యోగం. మన జిల్లాలోనే ఒక పాత గుడి, పేరు రాయను. తిరునాళ్ల ముందు ఊరి పెద్దలు బడికి వచ్చి, "స్తంభాలు నల్లబడిపోయినాయి టీచరమ్మా, మీ పిల్లలతో కాస్త రంగులు వేయించండి" అన్నారు. నాకు ఎంత గర్వమో. ఎనామిల్ డబ్బాలు తెప్పించినారు, ఎరుపు, పసుపు, పచ్చ, నీలం. పన్నెండుమంది పిల్లలు, నాలుగు దినాలు. ముఖమంటపంలో ఎడమపక్క రెండో స్తంభం మీద జానెడు ఎత్తు నాట్యగత్తె ఉండేది. ఒక కాలు ఎత్తి, నడుము వంచి, చెయ్యి చాపి. ఎత్తిన కాలికి గజ్జెలు. ఒక్కో గజ్జె ఆవగింజంత. కంటికి సరిగా ఆనేవి కావు గాని వేలు పెట్టి తడిమితే ఒక్కొక్కటీ తగిలేది. తొమ్మిది. లెక్కపెట్టినాను. పిల్లలు పాడుచేస్తారని వాటికి పసుపురంగు నేనే వేసినాను, అన్నిటికంటే సన్నటి కుంచెతో, ఊపిరి బిగబట్టి. తిరునాళ్లకు వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాకు శాలువా కప్పినారు.

పదేళ్లకు రంగు పొక్కులు లేచింది. పొక్కు ఊడిన చోటల్లా రాయి కూడా పెచ్చుగా ఊడొచ్చింది. ఆ తర్వాత ఆ రంగు తీయించాలని మిషనుతో ఇసుక చిమ్మించినారు. రంగు పోయింది. విని చూడ్డానికి పోయినాను. నాట్యగత్తె అట్లనే కాలెత్తి నిలబడి ఉంది. వేలు పెట్టి తడిమినాను. నున్నగా తగిలింది. రెండోసారి, మూడోసారి తడిమినాను. ఒక్క గజ్జె లేదు. వందల ఏళ్ల ఎండకూ వానకూ పోనివి. ఇసుక కొట్టినవాళ్లను ఏమనను? రంగు వేసింది నేను. ఇంటికొచ్చి మీ పెద్దనాయనకు చెప్పి ఏడ్చినాను. ఆ శాలువా ఇప్పటికీ ట్రంకుపెట్టెలో అడుగున ఉంది. ఏ చలికీ కప్పుకోలేదు.

అంతటితో బుద్ధి రాలేదు నాకు. ఇంకోసారి బడిపిల్లల్ని ముద్దనూరు దగ్గర చింతకుంటకు తీసుకుపోయినాను. అక్కడి గుండ్ల మీద ఆదిమానవులు ఎరుపుతోనూ తెలుపుతోనూ గీసిన ఎద్దులు, జింకలు ఉన్నాయి కదా. ఫొటోలో సరిగా పడడం లేదని సీసాలో నీళ్లు తీసి చల్లినాను. తడిసిన ఆ క్షణంలో ఎర్రటి ఎద్దు నిగనిగలాడింది. పిల్లలు చప్పట్లు కొట్టినారు. అట్లా తడిపితే రాతిలోని లవణాలు పైకొచ్చి బొమ్మమీద పొర కడతాయని ఎన్నో ఏళ్ల తర్వాత చదువుకున్నాను. రెండు పనులూ ముచ్చటతో చేసినవే అమ్మణ్ణీ, చెడగొట్టాలని చేసింది ఒక్కటీ కాదు. అందుకే నీ కాగితాల్లో ఆ ముచ్చటను చూసి నాకు భయమేసింది.

వద్దని చెప్పడానికి ఇదంతా రాయలేదు. నువ్వు చేయాలి. పాత తావుల్లో కొత్త కళ పెట్టకూడదనే వాళ్లలో నేను లేను. నువ్వు పంపిన ఫొటోలన్నీ చూసినాను. గ్రీసు దేశంలో డెలోస్ దీవి. 2019లో ఆంటొనీ గోర్మ్‌లీ అనే శిల్పి తన ఒంటి అచ్చు ఆధారంగా చేసిన 29 ఇనుప మనుషుల్ని ఆ శిథిలాల మధ్య పెట్టినాడు. ఒకడు ఒడ్డున నీళ్లలో, ఒకడు గుట్ట మీద, ఒకడు విరిగిన స్తంభాల నడుమ. పూర్వం ఆ దీవిలో ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదనే కట్టుబాటు ఉండేదట. అట్లాంటి తావులో ఊపిరి లేని మనుషులు నిలబడి ఉంటే నాకు ఒళ్లు జలదరించింది. మే నెలలో వచ్చినారు, అక్టోబరు చివరికి వెళ్లిపోయినారు. ఆ దేశపు పురావస్తు మండలి ఒప్పుకున్నాకే వచ్చినారు. నీ కాగితాల్లో ఆ "ఎప్పుడు వెళ్లిపోతుంది" అనే గడి ఖాళీగా ఉంది, చూసుకో.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇటలీలో సిపొంతోది. పాత చర్చి ఒకటి, పునాదులు మాత్రమే మిగిలినాయి. 2016లో ట్రెసోల్ది అనే యువకుడు, అప్పటికి ముప్పై దాటలేదట, ఆ చర్చి ఒకప్పుడు ఎట్లుండేదో ఆ రూపాన్ని ఉత్త ఇనుపతీగ వలతో నిలబెట్టినాడు. 14 మీటర్ల ఎత్తు. స్తంభాలు, కమానులు, గోపురం, అన్నీ వలే. గాలి అడ్డం లేకుండా దూరిపోతుంది, వెనక ఆకాశం కనపడుతుంది. రాత్రి దీపాలు పెట్టిన ఫొటో పంపినావు కదా, పొగతో కట్టిన గుడి మాదిరి ఉంది. మీ పెద్దనాయన అయితే, "ఇది కట్టడం కాదు, జ్ఞాపకం చేసుకోవడం" అన్నాడు. ఆయన బొమ్మల గురించి నోరు తెరిచి మాట్లాడింది మా పెళ్లయినాక ఇదే మొదలు.

ఈజిప్టులో పిరమిడ్ల ముందు 2021లో పెట్టినవి మాత్రం నాకు అంతగా పట్టలేదు. చూసినవాళ్లకు పిరమిడ్డు ఫొటోకు వెనక తెర అయిపోయిందేమో అనిపించింది. నేను పోయి చూసింది లేదు కాబట్టి గట్టిగా అనను. అదే భయం నాకు గండికోటలోనూ ఉంది. వారసత్వ ఉత్సవాలప్పుడు మనం పోయినాం గుర్తుందా? లైట్లు, పెద్ద వేదిక, పాటలు. జనం సంతోషంగానే ఉన్నారు, సంతోషించనీ. కానీ ఆ రాత్రి కోట వైపు తిరిగి చూసినవాళ్లు ఎంతమంది? నువ్వు చేసేది చూసి ఇంటికి పోయినవాళ్లకు నీ పేరు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, ఆ ధాన్యాగారం లోపలి చల్లదనం గుర్తుండాలి.

కేరళలో 2012లో కొచ్చి బినాలేకు వివాన్ సుందరం చేసింది మీ మాస్టర్లు చెప్పే ఉంటారు. పట్టణం అనే ఊళ్లో తవ్వకాలు చేస్తే పాతకాలపు కుండపెంకులు రాశులు రాశులుగా దొరికినాయి. రోమనులు మిరియాల కోసం ఓడలేసుకొచ్చిన ముజిరిస్ రేవు అదేనని అక్కడ తవ్వినవాళ్ల మాట. పురావస్తువాళ్లు చూసి రాసుకున్నాక మిగిలిన పెంకులు తెచ్చి, ఆయన నేలమీద ఒక ఊరు పేర్చినాడు. వీధులు, గోడలు, చెరువులు. తర్వాత దాని మీదికి నీళ్లు వదిలినాడు. ఇక్కడ నువ్వు గమనించాల్సింది ఒకటి. ఆయన తవ్వకం గుంతలోకి పోయి బొమ్మ పెట్టలేదు. గుంతలోంచి బయటికొచ్చినదాన్ని, లెక్క తేలినదాన్ని, వేరే తావులో పేర్చినాడు. అన్నిసార్లూ మనమే పాత తావులోకి దూరాల్సిన పని లేదు.

కాగితం మీద ఇన్ని దేశాలు తిరిగినాను గాని, నీకు అసలు గురువులు ఇంటి పక్కనే ఉన్నారు. తిరుపతి గంగమ్మ జాతర చివరి రాత్రి చూడ్డానికి నిన్ను ఎత్తుకుని పోయినాను, నీకు నాలుగేళ్లు. తాతయ్యగుంట గంగమ్మ గుడి ముందర బంకమట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. అంత పెద్ద ముఖం, ఆ కళ్లు చూసి నువ్వు నా మెడ పట్టుకుని వదల్లేదు. తెల్లవారుతూనే చెంప నరుకుతారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు, మందని ఇంట్లో దాచుకుంటారు. చేసినవాడి పేరు ఎవరూ అడగరు. మరునాటికి ఆ తావు ఖాళీ. వచ్చే ఏడు మళ్లీ అక్కడే, మళ్లీ కొత్తగా. నీ చదువులో దీనికి ఏదో పెద్ద పేరు ఉంటుంది. మనకు ఇది జాతర.

ఇంకొకరు మీ అవ్వ. పాత ఊళ్లో మన ఇల్లు ఇప్పుడు గని గుంతలో ఎక్కడో గాలిలో ఉంది, నేల లేదు కదా. ఆ వాకిట్లో అవ్వ పొద్దున నాలుగుకే లేచి ముగ్గు వేసేది. ఊరంతా ముగ్గురాయి పొడి వాడుతుంటే ఆమె మాత్రం పండగనాడు బియ్యప్పిండే కావాలనేది. "ఊరినిండా ముగ్గురాయి ఉంటే బియ్యం దండగ ఎందుకమ్మా" అని నేను వాదించేదాన్ని. ఆమె జవాబు చెప్పేది కాదు, వేలితో చూపించేది. బారులు తీరి చీమలు. పది గంటలకల్లా తామరపువ్వు రేకులు ఒక్కొక్కటీ కదిలి పుట్టలోకి పోయేవి. మధ్యాహ్నానికి వాకిలి వాకిలే.

ఇప్పుడు పని మాటలు. గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి చట్టం, 2010లో సవరించినారు. కట్టడం చుట్టూ 100 మీటర్లు ఏదీ కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. కట్టడానికి హాని చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. నిన్ను బెదిరించడానికి చెప్పడం లేదు. ఎవరో తెలిసినాయన "నేను చూసుకుంటాలే అమ్మా" అంటే నమ్మి పోవద్దు. అమరావతి సర్కిల్ ఆఫీసుకు రాతపూర్వకంగా పెట్టు. నీ బొమ్మ, బరువు ఎంత, నేలకు ఎక్కడ ఆనుతుంది, ఎన్నాళ్లుంటుంది, ఎవరు తీస్తారు, అన్నీ రాయి. ఆలస్యమవుతుంది, విసుగొస్తుంది. వాళ్లు కాదంటే కాదు. కాదన్నందుకు కోపం తెచ్చుకుని రాత్రిపూట గోడ దూకే పనులు చేసినావంటే నేనే వచ్చి చెవి పట్టుకుంటాను. అవునంటే, నువ్వు అడిగినదానికంటే మంచి ప్రశ్నలు వాళ్లే నిన్ను అడుగుతారు. వాళ్లలో రాయిని చదివినవాళ్లుంటారు. వాళ్లకు శిష్యురాలిగా ఉండు.

దానికంటే ముందు ఇంకో అనుమతి ఉంది. కోట లోపల ఊరుంది కదా. మీర్ జుమ్లా 1650లో కోట పట్టుకున్నాడనీ, రెండేళ్లకు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ వచ్చి చూసినాడనీ పుస్తకాల్లో ఉంటుంది. ఇప్పుడు ఆ దారిలో మేకలు తోలుకుపోయే వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్లింటి ముందు కూర్చో. మజ్జిగ ఇస్తే తాగు. నువ్వేం చేయబోతున్నావో చిన్న మాటల్లో చెప్పు. చిన్న మాటల్లో చెప్పలేకపోతే అది ఇంకా నీకే పూర్తిగా తెలియలేదని లెక్క. ఆ ధాన్యాగారంలో వాళ్ల తాతలు ఏం చూసినారో అడుగు. ఒక రోజంతా ఏ పనీ పెట్టుకోకుండా లోపల కూర్చుని, ఎండ ఎట్లా వస్తుంది, ఎట్లా పోతుంది, గబ్బిలాలు ఎప్పుడు లేస్తాయి చూడు. మాధవరాయల గుడిలోనూ కాసేపు కూర్చో. గర్భగుడి ఖాళీగా ఉంటుంది. అయినా చెప్పులు బయటే విడువు.

పూజలు జరిగే గుడి జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. నందలూరు సౌమ్యనాథుడి గుడిలో ఏదో చేయాలని కూడా ఒక కాగితం మూల రాసుకున్నావు, చూసినాను. అక్కడ రోజూ దీపం పెట్టేవాళ్లున్నారు. ఆ తావు వాళ్లది. మనం దండం పెట్టుకుని వచ్చేద్దాం.

కొక్కేలకు బదులు నాకు తోచింది చెప్తాను, నచ్చకపోతే వదిలెయ్. సిమెంటు నేలమీద పెళ్లిపందిరి వేసేవాళ్లు గుంత తవ్వకుండా డబ్బాల్లో ఇసుక నింపి గడలు నిలబెడతారు కదా. నువ్వు ఇసుకకు బదులు ముగ్గురాయి నింపు, పొడి కాదు, కడిగి ఆరబెట్టిన రాళ్లు. ఎక్కడో సముద్రం అవతల చమురుబావిని అణచిపెట్టే బరువు, ఇక్కడ నీ వెదురుగడను పడిపోకుండా పట్టుకుంటుంది. గడలకు నారతాళ్లు, తాళ్లకు గోతాలు. గోడకూ గోతానికీ మధ్య మనిషి నడిచేంత సందు. డబ్బాల కింద మందపాటి పలకలు, బరువు ఒకే చోట దిగకుండా. రెండు టన్నులెందుకు? మీ తాత మోసిన గంప ఎంత పట్టేదో అంత చాలు. ఆ గంప ఇంకా అటక మీదుంది. ఈతబెత్తం, అడుగున రేకు కొట్టినారు. కావాలంటే తీసి దుమ్ము దులిపి పెడతాను.

అడుగుల జాడలు కావాలంటావు. అది నీ బొమ్మకు ప్రాణం, వదలొద్దు. మాధవరం నేతగాళ్ల దగ్గర వెడల్పాటి నూలుగుడ్డ నేయించి పరుద్దాం. దానిమీద బియ్యప్పిండి. ఆ పిండి కూడా నేలకు తగలకూడదు, ఎలుకలొస్తాయి. మాపటికి నాలుగు కొసలు నలుగురం పట్టి ఎత్తేస్తే లోపల ఏమీ మిగలదు. ఎత్తిన పిండి బయట చింతచెట్టు కింద పోద్దాం. చీమలు చూసుకుంటాయి. ఆఫీసువాళ్లు దీనికీ వద్దంటే ఉత్త గుడ్డ మీదే నడవనీ, కోట దారి మట్టి కాళ్లకు ఎట్లాగూ ఉంటుంది.

నేను వస్తాను. మీ అమ్మను కూడా తీసుకొస్తాను, ఆమె ముగ్గు గీత నాకంటే నిటారుగా వస్తుంది. పిండి మనమే విసురుకుందాం. మిల్లుపిండి మరీ మెత్తగా ఉండి ఎగురుతుంది. ముందు నువ్వు ఆ నేల పొడవెంతో వెడల్పెంతో టేపు పెట్టి కొలిచి రాసి పంపు. అడుగుల్లో రాయి, మీటర్లలో వద్దు, నేతగాడికి లెక్క కుదరదు. గుడ్డ ఎన్ని గజాలు, బియ్యం ఎన్ని శేర్లు పడతాయో నేను ఇక్కడ చూసుకుంటాను.

రాత్రిళ్లు సరిగా నిద్రపో. ఊరిబిండి సీసాలో పెట్టి పంపుతున్నాను, స్నేహితులందరికీ పంచిపెట్టి నువ్వు పస్తులుండొద్దు.

మీ పెద్దమ్మ